నీటికాసులు

నీటికాసులు, అన్నడు డాక్టరు.
నలబై ఏండ్లు బస్తాలు మోసినోన్ని,
కాసులంటే ఒక్క గడియ సంబురమే అయింది.
నీలం లైటు కంటికి ఆనిచ్చి
ఇరవై ఎనిమిది, అన్నడు
మిర్చి ధర చెప్పినట్టు.

తెల్లటి గిన్నెల తలకాయ పెట్టిచ్చి
చుక్క మెరిస్తే మీట నొక్కుమన్నరు.
నొక్కుకుంటనే పోయిన.
కాయితం బయటికొస్తే అంచులన్నీ మసి.
లేని చుక్కలకు గూడ నొక్కిన్నట.
ఆశ నొక్కుతది, నేనేం జేయాలె!

పోయింది రాదు, కొంరెల్లీ,
ఉన్నదాన్ని కాపాడుకుందాం.
రాత్రి తొమ్మిదింటికి చుక్కలమందు తప్పొద్దు.
పొద్దుగాల జుబేదా సిస్టరు కాడ
ఊపిరి నేర్చుకో.

ఊపిరి నేర్చుకునుడేంది?
అరవై రెండేండ్ల సంది
నా ముక్కుల నుంచి ఎవడు పీలుస్తుండు మరి?

హన్మకొండల ఆసుపత్రి మేడ మీద
చాపలేసుకొని ఏడుగురం.
బస్సు స్టీరింగు ఇడిసిన సమ్మిరెడ్డి,
ఇస్త్రీ బండి రాజకనకమ్మ,
పంతొమ్మిదేండ్ల పోరడొకడు, పేరు చెప్పడు.
సిస్టరంటది:
పొట్ట ఉబ్బాలె మామా, రొమ్ము కాదు.
నాలుగు లెక్కల లోపలికి, ఆరు లెక్కల బయటికి.
తలకిందులు ఆసనాలు ఒద్దు.
బిగబట్టుడు అస్సలొద్దు, కంట్లె బరువు పెరుగుతది.

బిగబట్టుడొద్దట!
ఎనుమాముల యార్డుల నా పనే అది.
నలబై కిలోల టిక్కీ కిందికి ఈపు పెట్టి
ఒక్క దమ్ము గుంజి, పండ్లు బిగిచ్చి లేస్తే
లారీ పలక ఎక్కినంకనే ఇడుసుడు.
ఊపిరి జారితే టిక్కీ జారుతది,
టిక్కీ జారితే కూలి.
మాఘమాసం దాటితే అక్కడ గాలే ఎర్రగుంటది.
లోతుగ పీల్చినోడు దగ్గి దగ్గి కూలబడ్తడు.
అందుకే తువ్వాల అడ్డం పెట్టి
గొంతు దాకనే తీసుకునేది, గొంతు కాన్నించే ఇచ్చేసేది.
సగం ఊపిరితోటే రేకుల ఇల్లు ఏసిన.

మొదటినాడు పొట్ట నిండ పీల్చిన.
లోపల ఎక్కడో పాత ఘాటు లేసింది.
దగ్గు ఆగలే.
ఎన్ని టిక్కీలున్నయి మామా లోపల? అని
సిస్టరు నీళ్లిచ్చింది.

మూడోనాడు కండ్లు మూసుకోమన్నది.
మూసుకోలే.
మూస్తే అలవాటైతదేమో అని భయం.
దొంగచాటుగ చూస్తే
సమ్మిరెడ్డి గూడ తెరిచే ఉన్నడు.
ఆయన సొరంగంల నుంచి ఆయన,
నా సొరంగంల నుంచి నేను,
దొరికిపోయినం.
ఇద్దరం నవ్వినం. నవ్వి, మూసినం.

చీకటేం కాదది.
మిర్చి కల్లం తీరు ఎర్రగ ఉన్నది,
పొద్దు రెప్పల మీద పడి.

ఇంట్ల సాంబలక్ష్మి చుక్క ఏసి
కొసకన్ను వేలుతోటి అదిమి పట్టుకుంటది,
మందు గొంతుల దిగకుంట.
గంతసేపు నేను లెక్కపెడ్త.
ఒకటి నా నోటికి రాదు.
కాంట కాడ ఒకటిని ఒకటి అనం గద,
లాభం అంటం.
లాభం, రెండు, మూడు, నాలుగు.
ఆమె వేలు కిందికెల్లి నా నాడి
దాని లెక్క అది కొట్టుకుంటది.

మూడు నెల్లకు పద్దెనిమిది అన్నడు డాక్టరు.
మందు పని జేసింది, అన్నడు.
నిజమే కావచ్చు.
ఊపిరికి నేను కమీషన్ అడుగుతలేను.
రాత్రి నిద్ర పడ్తున్నది, గంతే.
గోడలు దగ్గరికి జరుగుతున్నయని
పక్కల లేసి కూసునుడు తగ్గింది.

మొన్న యార్డు గేటు కాడ నిలబడ్డ.
ఎడమ దిక్కు నాకు కనపడది.
ఆ దిక్కుకెల్లే పోరడెవడో టిక్కీ ఎత్తుకొని
బిగబట్టిన చప్పుడు.
ఆ చప్పుడు లేని చప్పుడు నాకెరుకే.
పలక మీద కాళ్లు దడదడ ఎక్కినయి.
నేను గూడ ఆపేసిన, వాని తోటి, తెల్వకుంటనే.
ధన్‌మని పడ్డది బస్తా.

వాడు ఇడిసిండు.
నేను ఇడిసిన.

లాభం.