థర్మాస్‌లో ఐసు

నరసాపురం రేవులో పంటు దిగి
పది గంటలకల్లా వస్తాడాయన,
చంకలో ఎర్ర థర్మాసుతో.
మాజీ హవల్దార్ ఉందుర్తి ఇశ్రాయేలు.
డెబ్బై రెండేళ్ళు. సఖినేటిపల్లి అవతల ఏదో లంక.

మాజీ సైనికుల ఆసుపత్రి అంటే
పెద్దగా ఊహించుకోకండి.
మేడ మీద మూడు గదులు, కింద రొయ్యల మేత కొట్టు.
మెట్లెక్కుతుంటే ఆ వాసన కూడా మీతోపాటే ఎక్కుతుంది.
నేనిక్కడ మందులిచ్చేవాణ్ణి.
ఇచ్చేవాణ్ణి అనడం పాత మాట.

పోయిన దీపావళికి ముందు
ఓ కాగితం వచ్చింది.
నిధుల హేతుబద్ధీకరణ, అని.
ఆ మాటకి నోరు తిరక్క
"పైనుంచి డబ్బు రాలేదండి" అనేవాణ్ణి.
"పైనుంచా?" అని సుబేదారుగారొకాయన
తలెత్తి సీలింగు ఫ్యాను వైపు చూశాడు.
నవ్వాం. అప్పటికింకా నవ్వేవాళ్ళం.

ముందు బీపీ బిళ్ళలు నెలకి పదిహేనయ్యాయి.
తర్వాత కంట్లో చుక్కలు.
ఆ తర్వాత గుండె డాక్టరు గురువారాలు మానేశాడు,
ఆయన బిల్లు ఎనిమిది నెలలుగా
ఏ బల్ల మీదో కునుకు తీస్తోందట.
చివరికి నాకో రబ్బరు స్టాంపు పంపారు:
అందుబాటులో లేదు.
మందులకి డబ్బుల్లేవుగానీ
స్టాంపుకీ ఊదారంగు సిరాకీ ఉన్నాయి.

యాళ్ళ సత్యవేణమ్మ ఆ చీటీ మడిచి
జాకెట్లో పెట్టుకుంటుంది.
భర్త నాయక్‌గా చేశాడు, పోయి పదేళ్ళు.
బయట కొన్న మందుల బిల్లులు దాచమంటే దాస్తోంది
డబ్బు తిరిగొస్తుందని.
బిస్కెట్ల డబ్బా నిండింది. ఇప్పుడు నూనె డబ్బా.

ఒక్కరూ తిట్టరు. అదే నాకు మింగుడు పడదు.
పంటు పది నిమిషాలు ఆలస్యమైతే
రేవంతా ఏకం చేసేవాళ్ళు
నా కిటికీ ముందు మడమలు దగ్గర పెట్టుకుని నిలబడతారు.
లేదంటాను. "ఆయ్" అంటారు.
వచ్చేవారమూ లేదంటాను. "ఆయ్, అలాగేనండి."
మా గోదారోళ్ళ ఆయ్‌కి ఇన్ని అర్థాలున్నాయని
ఈ కిటికీ వెనక కూర్చున్నాకే తెలిసింది.

ఇశ్రాయేలు సంగతి కదా చెబుతున్నాను.
ఆయనకి కావల్సింది ఇన్సులిన్. చల్లగా ఉండాలి.
ఆటోలో, పంటు మీద, మళ్ళీ ఎండలో, గంటన్నర దారి.
అందుకే థర్మాసు. అందులో ఐసు.
వాళ్ళ ఊరి చివర ఫ్యాక్టరీలో
రొయ్యల ట్రేల మీద చల్లగా మిగిలింది
కుర్రాళ్ళు పారతో ఊరికే పోస్తారట.

కుడికాలికి రెండు వేళ్ళు లేవు.
మంచుకొండల మీద కాపలాలో పోయాయి.
"బూటు విప్పితే వేళ్ళు అందులోనే ఉండిపోయాయి బాబూ"
బోండాం ధర చెప్పినట్టు చెప్పాడోసారి.
ఇప్పుడు సుగరు మూడో వేలు అడుగుతోంది.

నెల్లాళ్ళుగా థర్మాసు నిండుగా తెచ్చి
నిండుగానే పట్టుకెళుతున్నాడు.
వెళ్ళేటప్పటికి అవి నీళ్ళు.

మా ఫ్రిజ్జు మాత్రం పనిచేస్తుంది.
ఖాళీ అరల్ని శ్రద్ధగా చల్లబరుస్తుంది.
తలుపు తీస్తే దీపం,
ఊడ్చే నూకరత్నం మజ్జిగ సీసా.

ఇవాళ మే ముప్పై ఒకటి.
రేపట్నించి రాజమండ్రి వెళ్ళాలని గోడకి అంటించాం.
నా కాంట్రాక్టూ ఇవాళ్టితో సరి,
ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.
పదిన్నరకి కరెంటు పోయింది.
ఆయన చీటీ మీద స్టాంపు గుద్దాను.
సిరా ఆరిపోయింది కాబోలు,
అందుబాటులో, అన్నంతవరకే పడింది.

చదివాడు. కళ్ళెత్తి చూశాడు.
నేను పెన్ను తీసి
మిగతా మాట చేత్తో రాశాను.

"ఆయ్."

వెళ్ళలేదు.
థర్మాసు మూత తిప్పి, మూతలో నాలుగు ముక్కలు పోసి
కిటికీ కన్నంలోంచి తోశాడు.
"చెమటలు కారిపోతున్నాయి మీకు."
రొయ్యల ఐసండీ, నోట్లో వేసుకోకూడదు, అన్నాను.
"తెలుసు. మెడకి రాసుకోండి."

కింద ఎవరో లారీని వెనక్కి, ఇంకా వెనక్కి, అని అరుస్తున్నారు.
మెట్ల మీద ఆయన అడుగులు
ఒకటి బరువుగా, ఒకటి కాస్త ఆలస్యంగా.
నీళ్ళు నా చొక్కాలోకి దిగుతున్నాయి.