కలరా ఉండ

కంపెనీ అడిగింది: సలాలానా, నిజ్వానా?
రెండుచోట్లా ఏసీలు బాగుచేసినవాణ్ణి.

సలాలా గాలి చంటిపిల్లని జోకొట్టినట్టుంటుంది.
నడి ఎండాకాలం తుంపర,
గుట్టలకి పచ్చటి నూగు.
దుబాయి నుంచి కార్లేసుకొచ్చి మరీ తడుస్తారు జనం.
మొదటి ఏడు నేనూ తడిశాను.
తర్వాత
ఉతికిన చొక్కా మూడ్రోజులైనా ఆరదు,
ఉప్పుడబ్బాలో చెంచా దిగదు,
మేకు తుప్పు గోడమీద చార గీసింది.
ఆరేళ్లు ఎటు పోయాయో,
మస్తాన్ వలీ గడ్డం నెరిసేదాకా
లెక్క చూసుకోలేదు.

కడప ఎండ తిన్నవాణ్ణే, అయినా
నిజ్వాలో జూన్ నెల
కుళాయి తిప్పితే టీనీళ్లు.
స్క్రూడ్రైవరుకి తడిగుడ్డ చుట్టి
మిద్దెమీద కంప్రెసర్ ముందు కూచుంటే
చెమట నాకు తెలియకముందే ఆరిపోయేది.
చస్తాన్రా, అన్నాను ఫోన్లో మస్తానుతో.
వాడు తుమ్మి, నవ్వాడు.

అంతలో ఖర్జూరం పసుపెక్కింది,
ఒక వైపు నుంచి మెత్తబడింది.
అక్టోబరులో ఒక సాయంత్రం
హిలాల్ ముసలాయన ఏసీ బాగుచేయించుకుని
స్విచ్చి వేయనివ్వలేదు.
ఇవాళ వద్దు, ఆ కిటికీ తెరువు, అన్నాడు.
కూలి మాత్రం ఇచ్చాడు.
జనవరిలో సంతలో పాత స్వెటరు కొన్నాను,
రెండు రియాళ్లు, చేతులు పొడుగు.
ఏప్రిల్లో కొండమీది గులాబీలు
పికప్ బండిలో, బస్తాల్లో,
ఉల్లిగడ్డల్లా దిగాయి.

ఫారంలో నిజ్వా అని రాశాను.
మస్తాను పిచ్చోడివంటాడు. అననీ.
తిట్టుకోడానికైనా
నాకంటూ ఒక నెల ఉండాలి.

మే వచ్చేసింది.
స్వెటరు మడతలో కలరా ఉండ వేసి
పెట్టె అడుగున పెట్టాను.