పసుపు తీగ

వాన పడుతూనే గడ్డకట్టింది,
పడిన చోటే, పడినట్టే.
కారకెట్ దాటాక సముద్రం పక్కనే సాగే మా రోడ్డు మీద
కంచెలకీ, పోస్టు డబ్బాలకీ, ఎండు గడ్డిపరకలకి కూడా
గాజు తొడుగు.
చూసేవాళ్ళకి అందం.
నాకు లెక్క.
ముప్పయ్యొక్క ఏళ్ళు ఆ తీగలు లాగినవాణ్ణి.
వేలెడు మందం మంచు పేరుకుంటే
స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎంత బరువు వేలాడుతుందో
మోకాళ్ళు అరిగాక కూడా మర్చిపోలేదు.

రాత్రి రెండింటికి మొదటి చప్పుడు.
కొత్తవాళ్ళు తుపాకీ అనుకుంటారు.
కొమ్మ అది.
తర్వాత మరొకటి, ఇంకొకటి,
చివరికి నేలంతా ఉలిక్కిపడేట్టు ఒక్క పెద్ద విరుగుడు.
ఆకాశం ఆకుపచ్చగా మెరిసింది,
ఫ్రిజ్ గురక ఆగిపోయింది.

పక్క మీంచి లేవకుండానే చెప్పగలను:
ఆల్దెరిక్ మేపుల్.

ఆరేళ్ళ కిందట, ఉద్యోగంలో నా ఆఖరి శరత్తులో
ఆ చెట్టుకి తీగవైపు కొమ్మలు కొట్టేశాను.
అతని తాత నాటిన చెట్టు.
సగం తల గొరిగినట్టుందన్నాడు.
ఇంకో మూడు కొమ్మలు కొట్టాల్సింది,
అతను వచ్చి నిచ్చెన కింద నిలబడ్డాడు, మానేశాను.
ఆ రోజునుంచి మాట లేదు.
చర్చిలో కూడా
నేను ఎడమ వరస, అతను కుడి.

తెల్లవారకముందే తలుపు కొట్టింది ఎవరో.
ఆల్దెరిక్. టోపీ అంచున మంచుముళ్ళు.
నోరు తెరిచాడు, మూశాడు.
"రోజెలియా," అన్నాడు. అంతే.

ఆమె ఊపిరి ఒక యంత్రంలోంచి వస్తుందని
రోడ్డంతా తెలుసు.

జనరేటర్ని ఇంటి వెనక్కి లాక్కెళ్ళి
పొగ ఏ కిటికీలోకీ పోని చోట పెట్టాను.
నాలుగోసారి తాడు లాగితే
దగ్గి, తిట్టి, లేచింది ముసలిది.
నా దగ్గరున్న పసుపు తీగలన్నీ కలిపి
రెండిళ్ళ మధ్య మంచు మీద పరిచాం.
పన్నెండు అడుగులు చాల్లేదు.
తీగ వెళ్ళలేకపోతే మంచమే వస్తుందన్నాడు.
ఇద్దరు ముసలాళ్ళం, ఒక మంచం, మంచం మీద ఆమె,
వంటింటి కిటికీ దాకా ఈడ్చాం.
"ఊరేగింపు బావుంది, బాజాలేవీ?"
ముక్కులో గొట్టంతోనే అడిగింది రోజెలియా.

ఆరు రోజులు.
కార్ల ట్యాంకుల్లోంచి గొట్టంతో పెట్రోలు లాగాం,
ఏం తిన్నా అదే రుచి.
ఎనిమిది గంటలకోసారి జనరేటర్ ఆపి, చల్లార్చి, పోయాలి.
ఆ కాసేపూ ఆమె సిలిండర్ మీద,
మేమిద్దరం గడియారం మీద.
లాంతరు వెలుగులో పేకాడాం.
అతను దొంగాట ఆడాడు, చూసి ఊరుకున్నాను.
చేపల్ని గుమ్మం బయట మంచులో పాతిపెట్టాం.
ఫ్రిజ్‌కి కరెంటు లేకపోతేనేం,
ఊరంతా ఫ్రిజ్జే.

నాలుగో రోజుకి ఎండుకట్టెలు అడుగంటాయి.
ఆల్దెరిక్ వెళ్ళి మేపుల్ కొమ్మ ఒకటి కోసి తెచ్చాడు.
పచ్చి కట్టె. మండలేదు.
బుసలు కొడుతూ కొసలనుంచి తియ్యటి నురగ కక్కింది.
కళ్ళు తుడుచుకున్నాడు.
పొగ, అన్నాడు.
పొగే, అన్నాను.
ఆ మూడు కొమ్మల సంగతి
నా నాలుక చివరిదాకా వచ్చింది.
అతని నాలుక మీద ఏముందో తెలీదు.

ఏడో రోజు వేకువన కరెంటు వచ్చింది.
ఎవరూ ఆపని రేడియో
ఎవరి మాటో సగంలోంచి అందుకుని అరిచింది.
రోడ్డు చివర స్తంభం మీద కుర్ర లైన్‌మన్,
ఏ రాష్ట్రం నుంచి పంపారో, చెయ్యి ఊపాడు.
బెల్టు సరిగ్గా బిగించుకున్నాడా అని చూశాకే
నేను చెయ్యి ఎత్తాను.

మధ్యాహ్నం ఆల్దెరిక్ పసుపు తీగ తెచ్చిచ్చాడు.
మోచేతి చుట్టూ చుట్టాడు, అన్నీ మెలికలే.
అలా చుట్టకూడదని చెప్పలేదు.
అతను వెళ్ళాక విప్పి, మళ్ళీ చుట్టుకున్నాను.

మే నెలలో, బురద ఆరాక,
మొద్దు పక్కన గడ్డపారతో నిలబడి కేకేశాడు.
చేతిలో మోకాలెత్తు మొక్క.
క్షమించమనలేదు, క్షమించాననలేదు.
తల పైకెత్తి అడిగాడు:
"తీగకి ఎంత దూరం ఉండాలి?"

అడుగులు కొలుస్తూ నడిచాను.
నా వెనకే అతను,
మొక్కని చంకన పెట్టుకుని
గట్టిగా లెక్కపెడుతూ.