నీళ్ళకి తల

హాలిఫాక్స్‌లో వాన ఎవరి మాటా వినదు.
రాత్రంతా కొండ దిగి మా గుమ్మం ముందునుంచే పోతుంది
డ్యూటీకి ఆలస్యమైన మనిషిలా.
లోపల, మేడమీది బాత్రూములో మాత్రం
షవరు నోట్లోంచి నీళ్ళు
ఇష్టంలేని బాకీలా
చిల్లర చిల్లరగా రాలతాయి.

పదకొండేళ్ళు అలాగే కానిచ్చాను.
ఆదివారం తలంటంటే మా ఇంట్లో సగం పూట.
కుంకుడు నురగ మెడ దిగేసరికి
వరహాలు పేపరు చదివేసి, పప్పు దించేసి,
తలుపవతల నిలబడి
"బతికే ఉన్నావా?" అనేవాడు.

ఆఖరికి టెరెన్స్ వచ్చాడు.
అరవై దాటిన మనిషి. మోకాళ్ళకి తోలు తొడుగులు,
టీలో మూడు చెంచాల పంచదార.
అటకెక్కి, టార్చి వేసి,
నల్ల ప్లాస్టిక్ తొట్టి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి
దిగొచ్చి చెప్పాడు:
తొట్టి అడుగుకీ షవరుకీ మధ్య ఉండే ఎత్తుని
వాళ్ళ పనిలో 'హెడ్' అంటారట.
మాకు మూరెడు కూడా లేదట.
వరహాలుకి తెలుగులో చెప్పాను:
నీళ్ళకి తల లేదంట,
నాకేమో తలస్నానం కావాలంట.
ఆయన పడీ పడీ నవ్వుతుంటే
టెరెన్స్ కూడా నవ్వాడు, మర్యాదకి.

తువ్వాళ్ళ బీరువాలో,
వేడినీళ్ళ సిలిండరు పాదాల దగ్గర చోటు చేశాం.
దుప్పట్లు, ఆల్బములు, అడుగు మాడిన ఇడ్లీ రేకులు
మంచమెక్కాయి.
రాగి గొట్టం కోశాడు, ఊదాడు,
వేలితో అంచు తడిమి, మనసొప్పక మళ్ళీ గీకాడు.
పంపు కింద రబ్బరు పలక వేస్తూ
గోడవతల ఎవరుంటారని అడిగాడు.
ఎనిడ్, అన్నాను. ఎనభై ఆరు.
ఇంకో పలక వేశాడు.

నాలుగింటికే చీకటి.
తిప్పాను.
ఒక్క క్షణం ఏమీ లేదు.
తరవాత బీరువాలో ఎవరో గొంతు సవరించుకున్నట్టు.
నీళ్ళు పడ్డాయంటే చాలదు, విరుచుకుపడ్డాయి
నెత్తిమీద, వీపుమీద,
కుట్టుమిషను ముందు ఏళ్ళతరబడి బిగిసిన మెడనరం మీద
చేటెడు శనగలు కుమ్మరించినట్టు.
గట్టిగా నవ్వాను. నోట్లోకి నీళ్ళు పోయాయి.

ఆరు నిమిషాలు.
ఆరే.
తరవాత మంచు.
సిలిండరు ఖాళీ, నురగింకా జడ మొదట్లోనే ఉంది.
పంపు ఒత్తిడి తెస్తుంది కాని నీళ్ళు తేదని
టెరెన్స్ చెప్పే ఉంటాడు.
నేను ఇడ్లీ రేకులు సర్దుకుంటూ వినలేదు.

వణుకుతూ తొట్టి అంచున కూర్చున్నాను.
ఆ సన్నధార కింద నిలబడ్డ ఆదివారాలన్నీ
ఏం చేసేదాన్నో అప్పుడు గుర్తొచ్చింది.
కరెంటు బిల్లు లెక్కలు,
సూపర్వైజరుకి ఇవ్వలేకపోయిన జవాబులు,
ఒకసారి, ఏ కారణమూ లేకుండా, పావుగంట ఏడుపు.
ధార ఏమీ అనేది కాదు.
తొందరపెట్టడం దానికి చేతకాదు.
ఆరు నిమిషాల్లో ఎవరికి జవాబు చెప్పగలను?

గోడమీద మూడు దెబ్బలు. ఎనిడ్ చేతికర్ర.
గుండె జారింది. చప్పుడు వినబడిందన్నమాట.
తువ్వాలు చుట్టుకుని చెవి ఆనించాను.
"పని చేస్తోందా?" అంది గోడ.
"చేస్తోంది," అన్నాను, పళ్ళు టకటకలాడుతుంటే.
"అయితే నాకూ ఒకటి. అతని నంబరు చెప్పు!"

ఒక్కో అంకే అరిచి చెప్పాను.
రెండో సున్నా దగ్గర ఆవిడకి వినబడలేదు,
మళ్ళీ మొదటినుంచి.
కింద వంటింట్లో వరహాలు కెటిల్ పెట్టి
చెంబు ఎక్కడ పెట్టానని
నన్నే అడుగుతున్నాడు.