చిల్లిగవ్వ

మా ఉప్పుకయ్యలో
చిల్లి పడితేనే గవ్వకు విలువ.
చెకుముకి మొన బరమాతో
ఒక్కో పెంకుకూ ఒక్కో కన్ను పొడిచి పొడిచి
మా అమ్మ వేళ్ళ మీది రేఖలు అరిగిపోయాయి.

ముందు వచ్చింది యుద్ధనౌక కాదు, కూలీల పడవ.
పొగాకూ గొడ్డలీ చూపించి
మా ఒసిఫేరాను చెరకుతోటలకు ఎక్కించుకుపోయింది.
మూడేళ్ళన్నారు.
ఐదో ఏట అతని పెట్టె వచ్చింది.
పెట్టె దింపిన తెల్లవాణ్ణి
మా చిన్నాన్న ఇరోమేయా ఒడ్డునే నరికాడు.
దాచను. నరికాడు.

ఒసిఫేరాకు వాళ్ళు బాకీ,
ఆ తెల్లవాడికి మేం బాకీ.
పోయిన ప్రాణానికి దండలు చెల్లించడం మా పద్ధతి.
నెల్లాళ్ళు రాత్రుళ్ళు కూడా బరమాలు తిరిగాయి.
పది పేటల దండలు చాపమీద పరిచి
రెండు పందుల్ని కట్టేసి
నౌక కోసం కూర్చున్నాం.
పెద్దమనిషి దిగుతాడు, బేరమాడతాడు,
కాస్త కసురుకుంటాడు కూడా అనుకున్నాం.

ఎవరూ దిగలేదు.
నౌక మెల్లగా పక్కకు తిరిగింది.
మొదటి గుండు మా తలలమీదుగా అడవిలో పడింది.
గురి లేదని పిల్లలం నవ్వాం.

ముత్తాతలు తెప్పలమీద పగడపురాళ్ళు మోసి
నీళ్ళలో పేర్చుకున్న దీవి మాది.
మధ్యాహ్నానికి సగం మళ్ళీ నీళ్ళయింది.
అప్పుడు దిగారు, కాగడాలతో.

చాలా ఏళ్ళకు బడిపంతులు
నౌక దినచర్య చదివి వినిపించాడు:
ఇళ్ళు ముప్పైయొకటి, పడవలు తొమ్మిది,
హంతకుడు పట్టుబడలేదు,
విలువైనదేదీ దొరకలేదు.
అంటే చిల్లిగవ్వ కూడా.

చాప ఉన్నచోటే ఉంది, బూడిదై.
గవ్వ ఎర్రబడాలంటే సెగ చూపించాలి;
ఎంత చూపించాలో అమ్మకు తెలుసు,
ఆ మంటకు తెలియదు.
కొన్ని ఎన్నడూ చూడనంత ఎర్రగా మారాయి.
మిగతావి ముట్టుకుంటే సున్నం.

అమ్మ ఎర్రవి ఏరుకుంది.
సున్నాన్ని సొరబుర్రలోకి ఎత్తింది, పారేయలేక.
రెండేళ్ళు ఊరంతా
ఆ సున్నంతోనే వక్క నమిలింది,
నేనూ నమిలాను, నోరు పొక్కింది.

నౌక వెతుక్కుంటూ వచ్చిన మనిషి
ఆ రోజు కొండమీద కందతోటలో ఉన్నాడు.
గీత కూడా పడలేదు.
సొరబుర్ర తన వైపు వచ్చినప్పుడల్లా
పక్కవాడికి అందించేవాడు చిన్నాన్న,
లోపలికి చూడకుండా.