రేగాకు అచ్చు

ఫహాహీల్ నర్సరీలో గురువారం, ఆఖరి గంట.
ఆకులు ఏరుకు రండి అంటే
పదకొండుమందీ ఒక్క చెట్టు మీదే పడ్డారు.
పెరట్లో ఉన్నదదొక్కటే మరి.

సిద్ర్ అంటుంది దానా.
రేగు అంటాను నేను.
ముల్లు మాత్రం
ఇద్దరికీ ఒకేలా గుచ్చుకుంది.

ఆకు బోర్లించి, ఈనెలకి రంగు పూసి
కాగితం మీద అద్దించాను.
ప్రతి ఆకుకీ మూడే గీతలు,
కాడ దగ్గర విడిపోయి
కొసన మళ్ళీ కలవబోతూ.

ఫవాజ్ రంగు ముట్టనన్నాడు.
నిన్నటి దుమ్ముగాలి
కిటికీ అద్దం మీద మందంగా పేరుకుని ఉంటే
అరచెయ్యి ఆనించి తీశాడు:
"మిస్, ఇది నా ఆకు."
ఐదు ఈనెలు.

పిల్లలు వెళ్ళాక అద్దాలు తుడిచే పనీ నాదే.
తుడిచాను, అన్నీ.
అదొక్కటి
ఆదివారం దాకా ఉండనిచ్చాను.