గోటికి తగిలే గీత

ఒరగడం ఫ్యాక్టరీలో నా పని గీతలు వెతకడం.
రెండు వరసల ట్యూబ్‌లైట్ల మధ్య
ఇంజను లేని, అద్దాల్లేని కారు ఒళ్ళు
నిమిషానికొకటి నా ముందు నుంచి జరిగిపోతుంది.
తెల్ల గ్లౌజు చేత్తో దాని వీపు నిమురుతాను.
దుమ్ము నలుసు, రంగు కారిన చార, వెంట్రుకంత గీత,
ఏది దొరికినా పసుపు పెన్సిలుతో సున్నా చుట్టి
కాగితం మీద కోడ్ వేస్తాను.
ఆరేళ్ళు.
నా సున్నాలన్నీ పక్కపక్కన పేరిస్తే
పూందమల్లి దాకా వస్తాయేమో.

అలాంటి దాన్ని,
రాయపేట కొట్టులో పెట్టె మూత తీసి గిటారు చూపిస్తే
నీలం తప్ప ఇంకేం చూశానో నన్నడగొద్దు.
కాసిమేడులో కొత్తగా రంగేసిన పడవ నీలం.
పది నెలల వాయిదాలు.
షేర్ ఆటోలో ఒళ్ళో నిలబెట్టుకుంటే
పక్కనామె "వీణా?" అంది.
"అలాంటిదే" అన్నాను.

ఇంటికొచ్చి ప్లాస్టిక్ పొర ఒలిచాక
నా కళ్ళు డ్యూటీ ఎక్కాయి.
వాల్యూమ్ మీట పక్కన ఒకటి.
తీగల కింద, మణికట్టు ఆనే చోట, ఇంకోటి.
వెనకవైపు, ఎవరికీ కనపడని చోట, మూడోది,
చింతాకంతే, కానీ లోతు.
కంచంలో అన్నం ఎండిపోయింది.

కొట్టుకి ఫోన్ చేస్తే
"అది లైటింగ్ మేడం" అన్నాడు.
లైటింగ్!
నాకు!

ఓనరమ్మ టూత్‌పేస్టు రుద్దమంది.
తమ్ముడు స్టిక్కరు అంటించెయ్ అన్నాడు.
టీ బ్రేకులో పెయింట్‌షాపు ఏళుమలై అన్నకి ఫోటోలు చూపించబోయాను.
ఆయన ఫోను వైపు చూడనే లేదు.
"గోరు పెట్టి అడ్డంగా లాగు" అన్నాడు తమిళంలో.
"జారిపోతే పైపొరే, పాలిష్‌కి పోతుంది.
గోరు తట్టుకుంటే రంగు దాకా దిగినట్టు.
దాని జోలికి పోకు.
గీత పోదు, చుట్టూ ఉన్న మెరుపు పోతుంది."

ఆ రాత్రి బొటనవేలి గోరు
మొదటిదాని మీద జారింది. రెండోదాని మీదా జారింది.
మూడోదాని దగ్గర
చీకట్లో గడప తగిలినట్టు ఆగింది.

ఆదివారం.
అగ్గిపెట్టెంత డబ్బాలో అన్న ఇచ్చిన తెల్లటి ముద్ద,
మెత్తబడ్డ పాత చీర ముక్క.
చిన్న చిన్న సున్నాలుగా రుద్దాను.
ఇన్నాళ్ళూ చుట్టిన సున్నాలే,
ఈసారి చెరపడానికి.
మొదటిది పోయింది.
రెండోది పోయిందో, నా కళ్ళే అలిసిపోయాయో.
టార్చి ఏటవాలుగా పట్టుకుంటే
సాలీడు నడిచినట్టు సన్నటి కొత్త గీతలు!
చీర ముక్కలో ఎక్కడో ఒక జరీ పోగు మిగిలిపోయింది.
నవ్వొచ్చింది, ఏడుపు పక్కనుంచి తోసుకుంటూ.

మూడోదాన్ని వదిలేశాను.
ఏ ఊళ్ళోనో, ఏ లైట్ల కిందో,
నాలాంటిదొకతి దీన్ని చూసే ఉంటుంది.
పెన్సిలు ఎత్తే ఉంటుంది.
షిఫ్టు ఆఖరి పది నిమిషాలు.
కోడ్ వేస్తే బస్సు తప్పుతుంది.
వెళ్ళనిచ్చింది.
పడుకునే ముందు గుర్తొచ్చిందో లేదో.

ఇప్పటికి రెండు పట్లే పట్టుబడ్డాయి.
రెండోదాంట్లో నాలుగో తీగ బుసకొడుతుంది.
నిన్న షిఫ్టు నుంచి రాగానే, మెడలో బ్యాడ్జీ తియ్యకుండానే
ఒళ్ళోకి లాక్కున్నాను.
క్లిప్పు బర్రున గీసుకుంది,
నీలం మీద అంగుళంన్నర.

గోరు పెట్టి చూడలేదు.
మా కాగితంలో "కారణం" అని ఒక గడి ఉంటుంది,
ఆరేళ్ళుగా అందులో "తెలియదు" అనే రాస్తున్నాను.
దీనికి తేదీ తెలుసు, టైం తెలుసు,
ఎవరి మెడలో ఏ నంబరు బ్యాడ్జీయో తెలుసు.

కింది నుంచి ఓనరమ్మ
చీపురు కర్రతో కప్పు మీద పొడుస్తోంది.
రెండో పట్టు, ఇంకొక్కసారి.